వాట్సాప్‌లో టాస్: స్క్రీన్‌షాట్ నమ్మొచ్చా? మూడు టీములుంటే ఎలా?

కవర్‌డ్రైవ్:
ఆదివారం టెన్నిస్ బాల్ మ్యాచ్‌కి టాస్ శనివారం రాత్రే గ్రూప్‌లో తేలిపోవాలి. కెప్టెన్లు చెరో ఊళ్లో ఉంటారు. ఒకరు ఫోన్‌లో కాయిన్ తిప్పి స్క్రీన్‌షాట్ పెడితే రెండో టీమ్ ఒప్పుకోదు. యాప్‌లోనే మోసం ఉంటుందా? ఇంకోటి, మూడు టీములొస్తే మొదటి మ్యాచ్‌కి ఎవరు బయట కూర్చోవాలో కాయిన్‌తో తేల్చొచ్చా?

సున్నాఒకటి:
యాప్‌ని అనుమానించక్కర్లేదండీ. బ్రౌజర్‌లో నడిచే మామూలు టూల్స్ ఎక్కువగా జావాస్క్రిప్ట్ మ్యాథ్.ర్యాండమ్ (ర్యాండమ్ నంబర్ తీసిచ్చే రెడీమేడ్ ఫంక్షన్) వాడతాయి. పాస్‌వర్డ్‌లకి అది పనికిరాదు గానీ టాస్‌కి ధారాళంగా చాలు. ఆ మాటకొస్తే అసలు నాణేనికే కాస్త మొగ్గుంది: 2023లో 3,50,757 సార్లు ఎగరేసి చూస్తే, పైకి ఏ వైపు పెట్టి ఎగరేశారో అదే వైపు 50.8 శాతం పడింది.

తేడా వచ్చేది స్క్రీన్‌షాట్‌తోనే. నచ్చింది పడేదాకా నొక్కి అదొక్కటే పెడతారు. రెండు నొక్కులకి 75 శాతం, మూడింటికి 87.5 శాతం పని అయిపోతుంది. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి, అవతలి కెప్టెన్ 'బొమ్మ' అని గ్రూప్‌లో టైప్ చేశాకే నొక్కండి. తర్వాత మార్చినా 'ఎడిటెడ్' అని కనబడుతుంది.

మూడోఅంపైర్:
కాల్ కుదరకపోతే గుప్పిట్లో దాచి అడిగినట్టే చేయొచ్చు. 1981లో కంప్యూటర్ శాస్త్రవేత్త మాన్యువెల్ బ్లమ్ ఫోన్ మీద టాస్ కోసం రాసిన పద్ధతి వెనకున్న ఆలోచన ఇదే.

మొదటి కెప్టెన్ 'బొరుసు పనస 48271' లాంటి లైను రాసుకుని, ఆన్‌లైన్ షా-256 కాలిక్యులేటర్‌లో (ఏ లైను ఇచ్చినా దాని వేలిముద్ర లాంటి కోడ్ ఇస్తుంది, కోడ్ చూసి లైను వెనక్కి రాబట్టలేం) వేసి, వచ్చిన 64 అక్షరాలు గ్రూప్‌లో పెడతాడు. రెండో కెప్టెన్ బొమ్మో బొరుసో చెప్తాడు. అప్పుడు మొదటాయన అసలు లైను బయటపెడతాడు. ఎవరైనా మళ్లీ వేసి సరిచూసుకోవచ్చు. సరిగ్గా చెప్తే టాస్ రెండోవాళ్లది.

ఉత్త 'బొమ్మ' అని మాత్రం వేయకండి. ఉన్నవి రెండే మాటలు, అవతలివాళ్లు రెండూ వేసి చూస్తే దొరికిపోతుంది. చివర ఒక్క స్పేస్ ఎక్కువైనా వచ్చే కోడ్ పూర్తిగా వేరేది అయిపోతుంది, గొడవలన్నీ అక్కడే. ఓడిపోయానని తెలిసి మొదటాయన లైను పెట్టకుండా నాన్చొచ్చు కూడా. పది నిమిషాల్లో పెట్టకపోతే టాస్ పోయినట్టేనని ముందే రాసుకోండి.

లెగ్‌బై:
మూడు టీములకి రెండుసార్లు తిప్పండి. బొమ్మ-బొమ్మ పడితే ఎ టీమ్ బయట, బొమ్మ-బొరుసు అయితే బి, బొరుసు-బొమ్మ అయితే సి. రెండూ బొరుసైతే మళ్లీ మొదట్నుంచి. నాలుగింట ఒకసారి అలా పడుతుంది.

'ముందు ఎ, బి మధ్య టాస్, ఓడినవాళ్లకీ సికీ ఇంకో టాస్, అందులో ఓడితే బయట' అంటారు చాలామంది. అది అన్యాయం: సి బయట కూర్చునే అవకాశం 50 శాతం, మిగతా ఇద్దరికీ 25 చొప్పున. అసలు కాయినే కావాలన్న పట్టు లేకపోతే 1 నుంచి 3 దాకా ర్యాండమ్ నంబర్ తీస్తే ఒక్క నొక్కుతో అయిపోతుంది.

వరసగా ఐదు బొమ్మలు పడ్డాయని యాప్ మార్చేయకండి. పదిసార్లు తిప్పితే ఒకే వైపు వరసగా ఐదైనా పడే అవకాశం దాదాపు 22 శాతం.