గ్రీఫ్, సారో, మోర్నింగ్, బిరీవ్‌మెంట్: అన్నిటికీ దుఃఖమేనా అర్థం?

ప్రశ్న: ఊరికిదూరం

నమస్కారం. నేను ఇంగ్లండులో ఒక సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. గత నెలలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ తల్లిగారు చనిపోయారు. ఇక్కడి అలవాటు ప్రకారం అందరూ తలో మాట రాసి సంతకం చేసి పంపే కార్డు తిరిగి తిరిగి నా చేతికి వచ్చింది. అప్పటికే ఏడెనిమిది మంది రాసి ఉన్నారు, దాదాపు అందరూ మొదలుపెట్టింది ‘సారీ’ అనే మాటతోనే. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తున్నవాణ్ణే అయినా, కలం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆవిడ తల్లి పోవడంలో నేను చేసిన తప్పేముందని సారీ చెప్పాలి అన్నది ఒక పిచ్చి సందేహం. గ్రీఫ్ అనాలా, సారో అనాలా, లాస్ అనాలా అన్నది అసలు సందేహం. చివరికి పైవాళ్లు రాసిన వాక్యాన్నే కాస్త అటూ ఇటూ మార్చి రాసి, బతుకుజీవుడా అనుకున్నాను.

ఆ వారమంతా మా జట్టు క్యాలెండరులో ఆవిడ పేరు ఎదుట ‘బిరీవ్‌మెంట్ లీవ్’ అని కనిపిస్తూ ఉండేది. ఇంటికి వచ్చి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీస్తే గ్రీఫ్‌కు దుఃఖం, సారోకు దుఃఖం, మోర్నింగ్‌కు దుఃఖించుట, బిరీవ్‌మెంట్‌కు వియోగ దుఃఖం అని ఉన్నాయి. ఇన్ని మాటలు ఊరికే పుట్టవు కదా. వీటి పుట్టుక ఏమిటి, ఇప్పటి వాడుకలో వీటి మధ్య తేడా ఏమిటి, తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

జవాబు: కాలక్షేపం

సారీ గురించి మాత్రం చెప్పగలను. సారో అంటే దుఃఖం, దాని విశేషణమే సారీ. కాబట్టి కార్డులో సారీ అంటే క్షమాపణ కాదు, ‘నాకూ దుఃఖంగా ఉంది’ అని. క్షమాపణ అర్థం తరువాత వచ్చి చేరింది. మీరు రాసినదానిలో తప్పేమీ లేదు.

జవాబు: మాటలమూట

కాలక్షేపం గారు అర్థం సరిగానే చెప్పారు కాని, పుట్టుక విషయంలో చిన్న సవరణ అవసరం. సారో, సారీ చూడడానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నా ఒక తల్లి పిల్లలు కావు. సారో పాత ఇంగ్లీషులోని ‘సోర్గ్’ నుంచి వచ్చింది. జర్మన్‌లో చింత, ఆందోళన అనే అర్థంలో ఉన్న ‘జోర్గె’ దీనికి చుట్టం. సారీ మాత్రం ‘సార్’ అనే వేరొక మాట నుంచి పుట్టింది. దానికి పుండు, నొప్పి అని అర్థం. ఇప్పటి ‘సోర్’ అదే. గొంతు నొప్పికి డాక్టర్లు ‘సోర్ థ్రోట్’ అనడం మనకు తెలిసినదే. అంటే సారీ అన్నవాడు మొదట్లో చెబుతున్నది ‘నాకు నొప్పిగా ఉంది’ అని. వందల ఏళ్లు పక్కపక్కన మెలగడం వల్ల సారో ప్రభావం దాని అచ్చు మీదా అర్థం మీదా పడి, చివరికి అవి ఒక ఇంటివే అన్నంతగా కలిసిపోయాయి.

ఇక గ్రీఫ్. ఇది ఇంగ్లీషువారి సొంత మాట కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి నుంచి వచ్చి చేరిన వేలాది మాటల్లో ఒకటి. ఫ్రెంచిలో దాని మూలక్రియకు బరువు మోపడం, బాధించడం అని అర్థం, దాని వెనుక ఉన్నది బరువైన అని అర్థమిచ్చే లాటిన్ ‘గ్రావిస్’. గ్రావిటీ అన్న మాటా అక్కడిదే. ఇక్కడ మనకు సంబంధించిన ఒక ముచ్చట ఉంది. భాషా చరిత్రకారులు గ్రావిస్‌నూ సంస్కృతంలోని ‘గురు’ శబ్దాన్నీ ఒకే మూలం నుంచి చీలిన మాటలుగా లెక్కిస్తారు. గురువంటే మొదట బరువైనది, ఆ తరువాతే పంతులుగారు. అందువల్ల గ్రావిటీకి మనవాళ్లు గురుత్వాకర్షణ అని పేరు పెట్టినప్పుడు ఏనాడో విడిపోయిన దాయాదులు మళ్లీ ఒక పంక్తిలో కూర్చున్నట్టయింది. మనం ‘గుండె బరువెక్కింది’ అనుకునేటప్పుడు మనకు తెలియకుండానే గ్రీఫ్ అనే మాటను అక్షరాలా అనువదిస్తున్నాం. అయితే సమాధికి వాడే గ్రేవ్‌కు మాత్రం ఈ బరువుతో చుట్టరికం లేదు. అది తవ్వడం అనే అర్థం గల పాత ఇంగ్లీషు క్రియ నుంచి వచ్చింది. ఈ రెంటినీ కలిపి కథలల్లేవారు తరచుగా తగులుతుంటారు కనుక చెబుతున్నాను.

నన్ను అడిగితే ఈ గుంపులో అన్నిటికన్నా గట్టి మాట బిరీవ్. పాత ఇంగ్లీషులో దీని రూపమైన ‘బెరేయాఫియన్’కు దోచుకోవడం, బలవంతంగా లాక్కోవడం అని అర్థం. దొంగతనానికి వాడే ‘రాబ్’ కూడా ఈ వంశానిదే. పొడవాటి అంగీకి వాడే ‘రోబ్’ సైతం మొదట దోపిడీలో ఒలిచి తెచ్చిన బట్ట. కాబట్టి బిరీవ్డ్ అంటే దుఃఖిస్తున్నవాడు కాదు, దోపిడీకి గురైనవాడు. మృత్యువు వచ్చి అతని మనిషిని ఎత్తుకుపోయింది. ‘మాయదారి జ్వరం బిడ్డను పొట్టన పెట్టుకుంది’ అని మన పల్లెల్లో ఏడ్చేటప్పుడు ఉండేది సరిగ్గా ఈ ఊహే. ఇదే క్రియ నుంచి పుట్టిన బిరెఫ్ట్‌ను మాత్రం ఇప్పుడు ఎక్కువగా ఆశ, ఊరట, ఆలోచన వంటివి పోగొట్టుకున్నప్పుడు వాడతారు. మనిషి పోయినప్పుడు బిరీవ్డ్ అనడమే మర్యాద.

మన సంస్కృత పదాలలో పోలిక వేరు. అక్కడ బరువు లేదు, మంట ఉంది. శోకానికి మూలమైన ‘శుచ్’ ధాతువుకు మండడం, వెలగడం అని అర్థం. శుచి కూడా ఆ ధాతువులోదే. సంతాపంలో ఉన్నది తాపం. ‘కడుపు మండిపోతోంది’ అనే తల్లి మాటకు ఇంగ్లీషు గ్రీఫ్ సరిపోకపోవడానికి ఇదొక కారణమని నాకు అనిపిస్తుంది.

మరొక్కటి చెప్పి ఆపుతాను. కోపం అని మనం నేర్చుకున్న యాంగర్, స్కాండినేవియా వారి పాత భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దుఃఖం, వ్యథ అనే అర్థంతో వచ్చింది. ఇది వింతగా తోస్తే అమరకోశం చూడండి. మన్యు శబ్దాన్ని ఒకచోట శోకానికి పర్యాయంగా చెప్పిన అమరసింహుడు, నానార్థవర్గంలో దానికే దైన్యం, యజ్ఞం, కోపం అనే అర్థాలిచ్చాడు. కొడుకు పోయిన ఇంట్లో తండ్రి ముందుగా డాక్టరు మీద విరుచుకుపడడం చూసినవారికి ఈ రెండు అర్థాలు ఒక మాటలో ఎలా ఇమిడాయో విడమరచి చెప్పనక్కరలేదు.

జవాబు: రెండోపేజీ

మాటలమూట గారు పుట్టుక చెప్పారు. నేను వాడుక చెబుతాను. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో ఇరవై ఆరేళ్లు ఏజెన్సీల ఇంగ్లీషు వార్తలను తెలుగు చేశాను. పోయినవారి వార్తలు అందులో నిత్యం వచ్చే సరుకు.

మీరడిగిన మాటలను నేను ఎక్కడ ఉన్నాయన్న లెక్కతో విడదీసేవాణ్ణి. గ్రీఫ్ మనిషి లోపల ఉంటుంది. మోర్నింగ్ బయటికి కనబడుతుంది: దుస్తులు, ఆచారం, గడువు. బిరీవ్‌మెంట్ మనిషి ఉన్న స్థితి, అంటే ఆత్మీయుణ్ణి కోల్పోయి ఉండడం. సారో వీటన్నిటికన్నా విశాలమైనది, దానికి చావుతో పని లేదు, కొడుకు తాగుబోతైనా తల్లికి సారోయే. అందుకే ప్రభుత్వం మోర్నింగ్‌ను ప్రకటించగలదు కాని గ్రీఫ్‌ను ప్రకటించలేదు. 2024 డిసెంబరు 26న మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మరణించినప్పుడు కేంద్రం 7 రోజుల సంతాప దినాలు ప్రకటించింది. ఆ సంతాపం మోర్నింగ్. అలాగే మీ సెలవు విషయం. బ్రిటన్‌లో 18 ఏళ్లలోపు బిడ్డను పోగొట్టుకున్న ఉద్యోగులకు 2 వారాల సెలవు హక్కు 2020 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. దాని పేరులోనూ గ్రీఫ్ లేదు, బిరీవ్‌మెంటే ఉంది. ఎందుకంటే యజమాని చూడగలిగింది మరణం జరిగిందా లేదా అన్నదే. ఉద్యోగి ఎంత ఏడుస్తున్నాడో కొలిచి సెలవు ఇవ్వడం కుదరదు.

మోర్నింగ్ బయటి ఆచారమన్నదానికి విక్టోరియా రాణికి మించిన ఉదాహరణ లేదు. భర్త ఆల్బర్ట్ 1861 డిసెంబరులో మరణించిన నాటి నుంచి 1901లో తాను కన్నుమూసే దాకా ఆమె నల్ల దుస్తులే ధరించింది. అయితే దీన్ని మన ‘మైల’తో పోల్చి అనువదించేవారిని చూశాను. అది పొరపాటు. మైల అశౌచం, దానికి గడువుంది గాని ఏడుపుతో నిమిత్తం లేదు. బిడ్డ పుట్టినా పురుడు పడుతుంది కదా.

తెలుగు లిపిలో మనం మోర్నింగ్, మార్నింగ్ అని వేరువేరుగా రాసుకుంటున్నాం గాని, ఇంగ్లీషువారి నోట ఆ రెండూ ఒకేలా పలుకుతాయి. స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా. మా డెస్కులో కొత్తగా చేరిన ఒక కుర్రవాడు ‘ఊరంతా మోర్నింగ్‌లో ఉంది’ అన్న వాక్యాన్ని ‘ఊరికి తెల్లవారింది’ అని రాసి తెచ్చాడు. ప్రూఫు కాగితం మీద ఎర్ర సిరాతో దాన్ని సున్నా చుట్టిన చెయ్యి నాదే. అచ్చయి ఉంటే మర్నాడు ఆ ఊరివాళ్లు మా ఆఫీసుకు తెల్లవార్చేవారు.

కండోలెన్స్‌కూ సింపథీకీ తేడా కూడా చూసుకోవాలి. కండోలెన్స్ లాటిన్, సింపథీ గ్రీకు, రెంటి అర్థమూ కలిసి బాధపడడమే. అక్కడి కార్డుల మీద సింపథీ అని అచ్చువేసి అమ్ముతారు, అది గౌరవంగానే ఉంటుంది. మనం మాత్రం ‘నా సానుభూతి’ అని రాస్తే జాలిపడినట్టుంటుంది. పైగా ఎన్నికల రోజుల్లో సానుభూతి ఓట్లు, సానుభూతి పవనాలు అని రాసి రాసి ఆ మాటను మేమే కొంత పాడుచేశాం. కాబట్టి తెలుగులో రాసేటప్పుడు సంతాపమే మేలు.

ప్రశ్నించినవారి మాట: ఊరికిదూరం

ఇద్దరికీ, కాలక్షేపం గారికీ కృతజ్ఞతలు. సారీ అంటే నొప్పి అని తెలిశాక ఆ కార్డు మీద నా కోపం పోయింది. ఆవిడ మొన్న సోమవారం పనిలో చేరారు. నేను కార్డు సంగతి ఎత్తకుండా, వాళ్ల అమ్మగారు ఏం పనిచేసేవారని అడిగాను. ఆవిడ టీ చల్లారిపోయేదాకా చెబుతూనే ఉన్నారు. లేచేటప్పుడు నేను అలవాటుగా ‘టేక్ కేర్’ అన్నాను. ఇందులోని కేర్‌కు కూడా ఏదైనా పాత కథ ఉందా?

జవాబు: మాటలమూట

ఉందండీ. పాత ఇంగ్లీషులో దాని రూపం ‘కరు’, అర్థం దుఃఖం, విలాపం. శ్రద్ధ అన్న అర్థంగల లాటిన్ ‘కూరా’ నుంచి కేర్ పుట్టిందని చాలామంది అనుకుంటారు గాని, అది వేరే మాట. క్రీస్తు శిలువ మీద మరణించిన శుక్రవారాన్ని ఇంగ్లీషువారు గుడ్ ఫ్రైడే అంటుంటే, జర్మన్లు ‘కార్‌ఫ్రైటాగ్’ అంటారు. ఆ ‘కార్’ ఈ కేరే, అంటే ఏడ్చే శుక్రవారం. చింతపడడం నుంచి చింత పెట్టుకోవడం, దాని నుంచి ఒకరిని కనిపెట్టుకుని ఉండడం అన్న వరుసలో అర్థం నడిచింది. మీరు ఆవిడ పక్కన కూర్చుని చేసిన పనికి తెలుగులో పరామర్శ అని పేరు. ఇప్పుడది ఎక్కువగా నాయకుల పర్యటన వార్తల్లోనే కనబడుతోంది గాని, అందులో ఉన్న ‘మృశ్’ ధాతువుకు చేత్తో తాకడం అని అర్థం.