ప్లేట్‌లెట్లు లక్ష దాటి ఉన్నా రక్తం ఎందుకు ఆగలేదు?

పశ్చిమ గోదావరి కుర్రాడు:
మొన్న కోతల్లో మా నాన్నను రక్తపింజర కాటేసింది. వరి పన ఎత్తబోతే కింద ఉందట. గంటలోపే ఆసుపత్రికి చేర్చాం. కాసేపటికే చిగుళ్ల నుంచి రక్తం. సూది గుచ్చినచోట పెట్టిన దూది పెట్టినట్టే తడిసిపోయింది. రిపోర్ట్ చూస్తే ప్లేట్‌లెట్లు 1,10,000! పోయినేడు డెంగ్యూలో మా తమ్ముడికి 30,000కు పడిపోయినా చుక్క రక్తం రాలేదు. ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టరుగారిని బతిమాలాం. ఆయన ఒప్పుకోలేదు, విషానికి విరుగుడు మందే పెట్టారు. నాన్న ఇప్పుడు బాగున్నారు. ఆ రాత్రి టెన్షన్ మాత్రం నన్నింకా వదల్లేదు. అసలు లోపల ఏం జరిగింది?

ల్యాబ్ అక్క:
నాన్నగారు కోలుకున్నారు, అది చాలు తమ్ముడూ. పద్నాలుగేళ్లుగా ల్యాబ్‌లో చేస్తున్నాను, కోతల రోజుల్లో ఈ కేసులు వస్తూనే ఉంటాయి.

కౌంట్ అంటే తలల లెక్కే. వంద మంది కూలీలొచ్చినా కొడవళ్లు లేకపోతే కోత సాగుతుందా? ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే మధ్యలో ఫైబ్రినోజన్ ఉండాలి, అది రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టించే 5, 10 ఫ్యాక్టర్లనే ప్రొటీన్లను ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. లోలోపల సన్నసన్న గడ్డలు కట్టి, ఉన్న ఫైబ్రినోజనంతా అక్కడే ఖర్చయిపోతుంది. కొన్ని ప్లేట్‌లెట్లూ అందులోనే పోతాయి. మిగిలినవాటిని విషంలోని వేరే ప్రొటీన్లు గుంపు కట్టనివ్వవు. విషం తిరుగుతుండగా కొత్తవి ఎక్కించినా వాటి గతీ అంతే. డాక్టరుగారు చేసింది ముమ్మాటికీ సరైన పని.

రక్తం గడ్డకడుతోందో లేదో చూడ్డానికి మేం శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో కాస్త రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. సబ్బుతో కడిగిన ట్యూబు పనికిరాదు, ప్లాస్టిక్‌ది అసలే వద్దు. గాజు తగిలితేనే రక్తం సరిగా తోడుకుంటుంది. తర్వాత ట్యూబు వంచితే మంచి రక్తం గడ్డపెరుగులా కదలదు. పింజర విషం ఎక్కినవాళ్లది నీళ్లలా జారిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం చేతులు చల్లబడతాయి. మందు పెట్టిన 6 గంటలకు మళ్లీ చూస్తాం. కాలేయం కొత్త ఫైబ్రినోజన్ తయారుచేయడానికి ఆ మాత్రం సమయం కావాలి.

మందుల షాపు అన్న:
ఒక్కమాట కలుపుతాను. చిన్న పింజర అని ఇంకో పాము ఉంది, దాని విషంలో ఎకిస్టాటిన్ అని బుల్లి ప్రొటీన్ ఉంది, 49 అమైనో ఆమ్లాలే. ప్లేట్‌లెట్ మీద ఫైబ్రినోజన్ అతుక్కోవాల్సిన చోట ముందే అది కూర్చుంటుంది. ఆ పద్ధతి చూసే, ప్లేట్‌లెట్లు గుంపు కట్టకుండా ఆపే టైరోఫిబాన్ అనే మందు తయారుచేశారు. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. గుండెపోటుకు స్టెంట్ వేసినప్పుడు మా మామయ్యకు అదే డ్రిప్‌లో ఎక్కించారు. ఆపిన కొన్ని గంటలకే ప్లేట్‌లెట్లు మళ్లీ మామూలుగా పనిచేస్తాయి.

పశ్చిమ గోదావరి కుర్రాడు:
అక్కా, మాకూ మళ్లీ రక్తం తీశారు. ఉన్న రక్తం కారిపోతుంటే ఇంకా తీస్తారేంటని నర్సమ్మ మీద అరిచాను కూడా. తెల్లవారుజామున ఆవిడే ట్యూబు నా కళ్ల ముందు వంచి చూపించి, "తోడుకుంది బాబూ, అమ్మకు చెప్పు" అంది. రేపు వెళ్లి ఆవిడను కలిసొస్తాను.