సమస్య: “రాతికేల కలిగెరా రిలీఫు”

నిర్వాహకుడు: నిన్న ములుగు బస్సులో సీటు దొరికిన పెద్దాయన “హమ్మయ్య, రిలీఫ్” అన్నాడు. గంట తర్వాత రామప్ప గుడిలో గైడు గోడ మీద ఉబ్బెత్తుగా చెక్కిన బొమ్మలు చూపించి “ఇది రిలీఫ్” అన్నాడు. ఇక నాకు నిద్ర పడుతుందా? పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించండి. ఆదివారం దాకా టైం.

జనగామ వదిన:
శాపమొంది యడవి చాలనాళ్ళుండగా
రామపాద ధూళి రాలినంత
నాతి లేచి నిలిచె నయనాలు తెఱచుచు
రాతికేల కలిగెరా రిలీఫు

కాజీపేట గార్డు: అహల్య వస్తుందని ముందే అనుకున్నా వదినా. ధార బాగుంది. కానీ శాపం తీరింది నాతికి. రాతికేం ఒరిగింది? సమస్య అట్లాగే ఉంది.

హనుమకొండ పంతులు:
ఉలియు సుత్తె గూడి యుసురుసురనుచుండ
నడుము వంచి చెక్కె నాడు శిల్పి
చెమట యతనిదాయె, శ్రీరాముడా! చెప్పు
రాతికేల కలిగెరా రిలీఫు

కాజీపేట గార్డు: చెమట శిల్పిది, రిలీఫు రాతిది! దండం పంతులుగారూ. కానీ ‘దాయె’ పక్కనే ‘శ్రీ’ ఉంది. ‘యె’ గురువైతే గణం గల్లంతు.

హనుమకొండ పంతులు: సమాసం కాదు, విడి మాటలు. లఘువే. ఉగాదికి నువ్వూ ఇదే పని చేశావు, నేను నోరు మెదపలేదు.

కాజీపేట గార్డు: మెదపలేదా! మూడు రోజులు ప్రాసయతి అంటూ నన్ను ఉతికి ఆరేశారు.

నిర్వాహకుడు: ఉగాది పంచాయితీ మళ్ళీ వద్దు.

ములుగు మామ: యతి సంగతి సరే, రాయిని చూడండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. చూరు కింది నల్లరాతి మదనికలు, అదే ఆ ఆడబొమ్మలు, దాదాపు విడి బొమ్మలే, వాటిని రిలీఫ్ అనడానికి నాకు మనసొప్పదు. రిలీఫ్ చూడాలంటే కిందికి వంగి ఏనుగుల వరస చూడాలి. పొద్దుటి ఏటవాలు ఎండలో ఒక్కో ఏనుగు కాలి పక్కన సన్నగా నీడ లేస్తుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే అంతా చదునుగా కనిపిస్తుంది. అన్నట్టు, ఇది శ్లేష కూడా కాదు. లాటిన్‌లో ‘రెలెవారే’ అంటే పైకి లేపడం. బరువు లేస్తే ఊరట, రాతి మీద బొమ్మ లేస్తే శిల్పం. ఈ రెండో అర్థం ఇటలీ మాట ‘రిలియేవో’ మీదుగా వచ్చింది.

జనగామ వదిన: విన్నావా గార్డు తమ్ముడూ? నా నాతి కూడా “లేచి నిలిచె”. తెలియక రాసినా మార్కులు నావే.

కాజీపేట గార్డు: ఒప్పుకోను. ఇది చూడండి.
బదిలి కాగితంబు పదిమందికిన్ వచ్చె
నాకు రాకపోయె నమ్మవయ్య
నేను చూచుచుంటి నిటనుండి. మఱి నా య
రాతికేల కలిగెరా రిలీఫు

నిర్వాహకుడు: అరాతి! శత్రువును పై పాదం చివర దాచిపెట్టాడు. ఇప్పటిదాకా ఇదే ముందుంది.

జనగామ వదిన: ఆఫీసులో దాన్ని రిలీవ్ అంటారు కదా?

కాజీపేట గార్డు: మా రైల్వేలో డ్యూటీ మార్చుకోవడానికి వచ్చే మనిషే రిలీఫ్. ఆయన రాకపోతే ఇంటికి ఫోన్ చేసి అన్నం మూత పెట్టమనడమే.

హనుమకొండ పంతులు: ఆ అరాతి ఎవరో అడగను. ‘కాగితంబు’లో ఆ ‘ంబు’ మాత్రం గణం కోసం తెచ్చి అతికించిందే.

కాజీపేట గార్డు: మీరు శ్రీరాముణ్ణి పిలిచింది ఎందుకో?