కొత్తవాళ్లకి ఏది ఎక్కువ ప్రమాదం: జట్టు ఆటలా, ఎక్స్‌ట్రీమ్ క్రీడలా?

లెఫ్ట్‌బ్యాక్:
ఫుట్‌బాల్ క్షేమం, కొండెక్కడం ప్రాణాంతకం అన్న నమ్మకం నాకు మింగుడుపడదు. ఫుట్‌బాల్‌లో ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. పరుగులో ఉన్నట్టుండి దిశ మార్చినప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో మోకాలు లోపలికి వాలుతుంది, అంతే. సర్జరీ తర్వాత మళ్లీ పోటీ ఆటకి కనీసం 9 నెలలు ఆగమంటారు. ఇండోర్ గోడ మీద తాడుతో ఎక్కేవాళ్లకి ఇలాంటి గాయం అరుదు.

ముడిచూడు:
అరుదే, కాదనను. కానీ మీరు గాయాల సంఖ్య చెప్తున్నారు, నేను తీవ్రత అడుగుతున్నాను. మాటల్లో పడి, హార్నెస్‌కి (నడుముకి కట్టుకునే పట్టీ) తాడు కట్టే ఫిగర్ ఎయిట్ ముడి సగంలో వదిలేస్తే, పైనుంచి తాడు మీద బరువు వేసిన క్షణంలో అది ఊడిపోతుంది.

ఇంకో మామూలు తప్పు తాడు పొడవు. 35 మీటర్ల రూటు ఎక్కి కిందికి దిగాలంటే 70 మీటర్లు కావాలి. 60 మీటర్ల తాడుతో వెళ్తే, ఎక్కినవాడు ఇంకా 10 మీటర్ల ఎత్తులో ఉండగానే తాడు చివర బిలే పరికరంలోంచి (కిందివాడు తాడుని పట్టి ఉంచేది) జారిపోతుంది. ఆ చివర ముందే ఓ ముడి వేస్తే అక్కడే ఆగుతుంది. ఎక్కేముందు ఇద్దరూ ఒకరివి ఒకరు చూసుకోవాలి: హార్నెస్ బకిల్, ముడి, బిలే పరికరంలో తాడు ఎక్కించిన దిశ, క్యారబినర్ (లోహపు కొక్కెం) లాకు.

ఆల్టిమీటర్:
అసలు ఇవన్నీ ఒకే గాటన కట్టడమే తప్పు. స్కైడైవింగ్‌లో రెండు ప్యారాచూట్లుంటాయి, రెండోది రిజర్వు. కింద దాదాపు 225 మీటర్ల ఎత్తుకి వచ్చినా ఇంకా ఫ్రీఫాల్ వేగంతోనే పడుతుంటే, రిజర్వును దానంతటదే తెరిచే పరికరం కూడా ఉంటుంది. బేస్ జంప్‌లో (కొండ అంచు, భవనం లాంటి వాటిమీంచి ప్యారాచూట్‌తో దూకడం) రిజర్వు ఉండదు, తెరిచే సమయమూ ఉండదు. పైగా స్కైడైవింగ్‌లో చాలా మరణాలు చక్కగా తెరుచుకున్న కెనపీ (ప్యారాచూట్ గుడ్డ) కిందే జరుగుతాయి. నేలకి దగ్గరలో గట్టిగా మలుపు తిప్పితే కెనపీ ముక్కు దించి దూకుతుంది, సర్దుకునే ఎత్తు మిగలదు. అందుకే కొత్తవాళ్లకి పెద్ద కెనపీ ఇస్తారు. గేర్‌తో కలిపి 190 పౌండ్లుంటే 190 చదరపు అడుగులకి తగ్గకూడదు. త్వరగా చిన్నదానికి మారాలన్న తొందరే కొంప ముంచుతుంది.

లెఫ్ట్‌బ్యాక్:
మీ ఇద్దరి మాటల్లోనూ తేలిందొకటే: అక్కడ తనిఖీ ఆటలో భాగం. మా దగ్గర అదే కరువు. ఫిఫా 11+ అని, గాయాలు తగ్గించడానికి రూపొందించిన వార్మప్ ఉంది, దానికి పట్టేది 20 నిమిషాలు. వారానికి రెండుసార్లైనా చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. కానీ చాలా జట్లు పరుగులు తీసి, మధ్యలోని నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరాల కసరత్తు), ఒంటికాలి బ్యాలెన్స్ ఎగ్గొట్టేస్తాయి. ఫలితమిచ్చేదే అది!

స్క్రమ్‌హాఫ్:
రగ్బీ సంగతి ఎవరూ ఎత్తలేదే. తలకి దెబ్బ తగిలినవాడే "బాగానే ఉన్నా" అంటాడు, జట్టు నమ్మేస్తుంది. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అనుమానమొస్తే అప్పుడే బయటికి పంపాలి, ఆ రోజు మళ్లీ దింపకూడదు. క్రికెట్‌లో చూడండి, ఐసీసీ 2019లో కంకషన్ సబ్‌స్టిట్యూట్‌ని (దెబ్బ తగిలినవాడి బదులు దిగే ఆటగాడు) తెచ్చాక, బయటికి వెళ్తే జట్టుకి ఒకడు తక్కువవుతాడన్న సాకు టెస్టుల్లో పోయింది.

ముడిచూడు:
ఈ ఒక్క విషయంలో కొండే నయం. గాలి పెరిగితే దిగిపోదామని ఒకరంటే చాలు, ఇద్దరూ దిగాల్సిందే. తీవ్రత గురించి నేనన్నది మాత్రం అలాగే ఉంది, లెఫ్ట్‌బ్యాక్ గారు దానికింకా జవాబివ్వలేదు.