భార్యకి అరకు పోస్టింగ్: కాపురం కొండ మీద పెట్టాలా, వైజాగ్‌లోనా?

తణుకు_కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది తణుకు, పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా ఆవిడ బ్యాంకులో ఆఫీసర్, ఈసారి ట్రాన్స్‌ఫర్లలో అరకు బ్రాంచ్ వేశారు, రెండేళ్లు తప్పదు, మూడేళ్లయినా ఆశ్చర్యం లేదు. నాది సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఇంటి నుంచే పని, నెట్ సరిగ్గా ఉంటే ఎక్కడున్నా ఒకటే. బాబుకి ఏడేళ్లు, జూన్‌లో మూడో క్లాసు. మా అమ్మ మాతోనే ఉంటుంది, 68 ఏళ్లు, ఉబ్బసం, ఇన్‌హేలర్ ఎప్పుడూ చేతికి అందేలా ఉండాలి.

ఫిబ్రవరిలో అందరం వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చాం. అమ్మయితే రెండో రోజుకే "ఈ గాలికి నా ఆయాసం సగం తగ్గిందిరా, ఇక్కడే ఉందాం" అనేసింది. నాకూ మనసు అటే లాగుతోంది, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఇన్నేళ్లు వేగినవాడికి పొద్దున్నే కిటికీ తీస్తే కొండ కనబడితే ఇంకేం కావాలి. మా ఆవిడ మాత్రం "మూడు రోజులు టూరిస్టుగా చూసి కాపురం పెట్టేస్తారా? మీరు ముగ్గురూ వైజాగ్‌లో ఉండండి, నేను పైన ఒక గది తీసుకుని సెలవులకి దిగుతాను" అంటోంది. వారం నుంచి ఇంట్లో ఇదే చర్చ, నిన్నయితే కూరలో ఉప్పు కూడా పడలేదు.

వైజాగ్ నుంచి రోజూ వెళ్లి రావడం కుదురుతుందా? రైలు ఉంది కదా? పిల్లాడికి స్కూలు, అమ్మకి డాక్టరు, నాకు నెట్, ఇవి అరకులో ఎలా ఉంటాయి? ఇంకొకటి, అక్కడే నాలుగైదు సెంట్ల స్థలం కొని చిన్న ఇల్లు కట్టుకుంటే తర్వాత హోమ్‌స్టేకి పనికొస్తుందని ఒక ఆలోచన. మొహమాటం లేకుండా చెప్పండి.

స్టీల్‌సిటీ99:

అన్నా, రోజూ వెళ్లి రావడం అనే మాట ఇక్కడితో మర్చిపో. రోడ్డు మీద దగ్గర దగ్గర 115 కిలోమీటర్లు, అందులో ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక అంతా ఘాట్, మామూలు రోజున కారులోనే మూడు గంటల పైన. సెల్ టవర్ల పని మీద నేను ఏడాదిన్నర ఆ రోడ్డు మీద తిరిగాను. మొదటి నెల ప్రతి మలుపూ ఫోటో తీశాను, మూడో నెల నుంచి ఎస్.కోటలో టీ తాగి వాంతి మాత్ర వేసుకుని కళ్లు మూసుకునేవాణ్ని.

రైలు అంటావా, కిరండోల్ పాసింజర్ వైజాగ్‌లో పొద్దున్న ఏడు లోపు బయల్దేరి అరకు చేరేసరికి పదకొండు కావస్తుంది. బ్యాంకు పదింటికే తెరవాలి. అసలు ఆ లైను మన కోసం వేసింది కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని పోర్టుకి దించడానికి వేసింది, ఇప్పటికీ గూడ్సుదే రాజ్యం. 58 సొరంగాలు, అద్దాల పెట్టె, అవన్నీ చూడ్డానికి బావుంటాయి గాని ఉద్యోగానికి పనికిరావు. వానాకాలంలో బండరాయి జారి పట్టాల మీద పడిందంటే ఆ రోజుకి రైలు మీద ఆశ వదులుకోవాల్సిందే.

వదిన చెప్పిందే కరెక్ట్. కాకపోతే బ్యాంకులకి రెండో, నాలుగో శనివారమే సెలవు కదా, మిగతా వారాల్లో ఆవిడ శనివారం రాత్రికి దిగి సోమవారం తెల్లవారకముందే ఎక్కాలి. ఆ లెక్క వేసుకున్నారా?

గాలికొండ:

మాది అరకు మండలమే, కొండదొర గిరిజనులం, ఇప్పుడు ఉద్యోగం వైజాగ్‌లో. ముందు స్థలం సంగతి చెప్తాను, అది తేలిపోతే మీ చర్చ సగం తగ్గుతుంది. మీరు గిరిజనులు కాకపోతే అక్కడ ఒక్క సెంటు కొనలేరు. అది షెడ్యూల్డ్ ఏరియా, 1/70 చట్టం ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనల్ని 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో సవరించారు, ఆ నంబరే అందరి నోళ్లలో నిలిచిపోయింది. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, తనఖా, లీజు, దానం కూడా అందులోకే వస్తాయి. "తెలిసినవాడి పేరు మీద రాయిద్దాం సార్, కాగితాలు మన దగ్గరే ఉంటాయి" అని మీకు ఎవడో ఒకడు తప్పకుండా చెప్తాడు. మీ డబ్బులూ పోతాయి, ఆ పేరున్నవాడూ కోర్టుల చుట్టూ తిరుగుతాడు. మా పక్క అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజుల మీద మొదలైన గొడవే 1997లో సుప్రీంకోర్టులో సమత (కేసు వేసిన సంస్థ పేరు) తీర్పు దాకా వెళ్లింది, ప్రభుత్వం కూడా అక్కడి భూముల్ని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని చెప్పింది. ప్రభుత్వానికే కుదరనిది బ్రోకరుకి ఎలా కుదురుతుంది?

కోపంతో రాశాననుకోకండి. ఉద్యోగాల మీద వచ్చి అద్దెకుండేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లతో మాకు ఏ ఇబ్బందీ లేదు. మా ఇంటి పక్కన ఒక మాస్టారి కుటుంబం నాలుగేళ్లు ఉంది, మా అమ్మ చేసే చోడి (రాగి) అంబలి తాగందే ఆయన స్కూలుకి వెళ్లేవారు కాదు.

ఇక వాతావరణం. మీరు ఫిబ్రవరిలో చూశారు. జులైలో, ఆగస్టులో రండి. రోజుల తరబడి ముసురు, బట్టలు ఆరవు, గోడలు చెమ్మగిల్లుతాయి, బీరువాలో పెట్టిన బెల్టుకి బూజు పడుతుంది. డిసెంబరు, జనవరిలో రాత్రి చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది, పొద్దున్నే చలిమంటల పొగ. మీ అమ్మగారికి ఆ మూడు రోజుల గాలి నిజంగానే పడి ఉంటుంది, కాని ఉబ్బసం ఉన్నవాళ్లకి బూజు, పొగ, చలి పడవు కదా, ఆవిడ డాక్టర్ని ఒక మాట అడగండి.

ఎస్‌కోట_టీచరమ్మ:

అనంతగిరి మండలంలో ఆరేళ్లు పనిచేశాను, ఎస్.కోట నుంచే ఎక్కి దిగేదాన్ని. ముందే చెప్తున్నా, మధ్యేమార్గమని మా ఊళ్లో ఇల్లు తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అనంతగిరి దాకా అయితే పర్వాలేదు, అరకు అంటే ఇక్కణ్నుంచి ఇంకా రెండు గంటల ఘాట్. అటు కొండా దక్కదు, ఇటు సిటీ ఆసుపత్రీ దక్కదు.

స్కూలు గురించి అందరూ అనవసరంగా భయపెడతారు. మూడో క్లాసు పిల్లాడికి ఏ స్కూలైనా ఒకటే బాబూ, ఇంటికొచ్చాక పక్కన కూర్చునేవాళ్లు ఎవరన్నదే ముఖ్యం. అరకులో ఇంగ్లీషు మీడియం స్కూళ్లున్నాయి, ఐదో క్లాసు దాకా బాగానే గడిచిపోతుంది. అక్కడి ఉద్యోగస్తులు పిల్లల్ని కిందికి పంపేది పెద్ద క్లాసులకి. మీకున్నది రెండు మూడేళ్లే కదా. ఆ వయసు పిల్లాడు వారంలో ఐదు రోజులు వాళ్లమ్మని వీడియో కాల్‌లో చూడ్డం నాకు నచ్చలేదు. నా పిల్లలు చిన్నప్పుడు ఒక ఏడాది అలా గడిపాను, ఘాట్‌లో సిగ్నల్ పోయినప్పుడు బస్సులోనే ఏడ్చిన రోజులున్నాయి. కాబట్టి నా ఓటు కొండకే, అందరూ కలిసుంటేనే. అత్తగారి ఉబ్బసం ఒక్కటే నాకూ సందేహం.

తణుకు_కుర్రాడు:

స్థలం ఆలోచన ఈ క్షణం నుంచి బంద్, గాలికొండ గారికి దండం. సిగ్గుగా ఉంది గాని ఒక వెబ్‌సైట్‌లో ప్లాటు ఫోటోలు కూడా చూసి పెట్టుకున్నాను. టీచర్ గారి మాట మా ఆవిడకి చదివి వినిపించాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు. నెట్, కరెంటు సంగతి ఎవరైనా చెప్పగలరా? నా ఉద్యోగంలో మీటింగ్ మధ్యలో రెండుసార్లు మాయమైతే మూడోసారి పిలవరు.

ఇంటినుంచే_పని:

నేను పద్నాలుగు నెలలు అరకులో ఉండి పనిచేసి కిందికి వచ్చేశాను, కాబట్టి రెండు వైపులా చెప్పగలను. ఊళ్లో ఫైబర్ ఉంది, మంచి రోజుల్లో హైదరాబాద్‌కి తేడా తెలియదు. గాలివాన వచ్చిందంటే ఎక్కడో చెట్టు పడి కరెంటూ నెట్టూ కలిసి పోతాయి, ఒక్కోసారి గంట, ఒక్కోసారి మర్నాటి దాకా. ఇన్వర్టర్ పెద్దదే కొనాలి, ఫోన్లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండాలి. బజారుకి నాలుగు కిలోమీటర్లు దూరంగా వ్యూ ఉందని ఇల్లు తీసుకోవద్దు, నేను చేసిన తప్పు అదే. ఆ ఇంటి వరండాలో ఒక్క చోట మాత్రమే సిగ్నల్ వచ్చేది, జనవరి చలిలో దుప్పటి కప్పుకుని క్లయింట్‌తో మాట్లాడేవాణ్ని, ఆయన నాకు జ్వరమనుకునేవాడు.

కార్తీకమాసం నుంచి సంక్రాంతి దాకా ఆ ఊరు ఊరివాళ్లది కాదు. వలిసె పూలు పూసినప్పటి నుంచి మొదలు, శని ఆదివారాలు బొంగులో చికెన్ పొగ, కార్ల హారన్లు, రాత్రి పన్నెండింటికి క్యాంప్‌ఫైర్ పాటలు. ప్రశాంతత కోసం వచ్చి ఆదివారాలు తలుపులేసుకుని కూర్చున్నాను. జూన్‌లో, సెప్టెంబరులో మాత్రం ఆహా. వారం సంతలో రాజ్మా, అనాసపండు, పసుపు, అంత తాజాగా మళ్లీ తినలేదు.

అలాగని వైజాగ్ స్వర్గమూ కాదు. ఏప్రిల్ నుంచి ఒకటే చెమట, స్నానం చేసి తుడుచుకునేలోపే తడిసిపోతాం. పోర్టు దగ్గర ఇల్లు మాత్రం వద్దే వద్దు, వన్‌టౌన్ వైపు డాబా మీద నల్లటి దుమ్ము వేలికి అంటుకుంటుంది, ఉబ్బసానికి అది ఇంకా చేటు. మధురవాడలో ఐటీ వాళ్లతో అద్దెలు పెరిగిపోయాయి, పైగా అరకు రోడ్డుకి చుట్టుదారి.

రిటైర్డ్_పోస్టల్:

బాబూ, నేను ఏజెన్సీలో పన్నెండేళ్లు పనిచేసినవాణ్ని. ఒక్క సంగతి చెప్తాను, మిగతావి మీరే చూసుకోండి. ఒక డిసెంబరు రాత్రి మా ఇంటావిడకి ఊపిరి అందలేదు. అరకు ఆసుపత్రిలో డాక్టరు కుర్రాడు మంచివాడు, ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్ చేసి, "ఇక్కడ ఇంతే చేయగలను, కిందికి తీసుకెళ్లండి" అన్నాడు. 108 వచ్చింది. రోడ్డు బాగానే ఉంది, కాని పొగమంచు, ముందు పది అడుగులు కనబడలేదు, ఘాట్‌లో గాలికొండ అనే చోటు నుంచి కిందికి వచ్చేదాకా క్లీనరు కుర్రాడు తల బయటపెట్టి దారి చెప్పాడు. వైజాగ్‌లో పెద్దాసుపత్రి కేజీహెచ్ చేరేసరికి తెల్లారింది. ఆవిడ బతికింది, ఇప్పుడు పక్క గదిలో సీరియల్ చూస్తోంది. 2022లో పాడేరు జిల్లా కేంద్రం అయ్యాక అక్కడ ఆసుపత్రి మెరుగుపడిందంటున్నారు, మంచిదే, కాని అదీ కొండ మీదే, అదీ ఘాట్ రోడ్డే.

టీచరమ్మ గారు చెప్పినట్టు బిడ్డ తల్లి దగ్గర ఉండాలి, నేను కాదనను. కానీ ఉబ్బసం మనిషిని కొండ మీద పెట్టుకుని నువ్వు ప్రతి రాత్రీ ఆ దగ్గు వింటూ పడుకోలేవు.

స్టీల్‌సిటీ99:

పెద్దాయన చెప్పాక నేను చెప్పేది లేదు గాని ఒక చిన్న సలహా. ప్రతి వారం వదినే దిగాలని ఎక్కడుంది? సెలవు ఉన్న శనివారాలు ఆవిడ దిగుతుంది, లేని శనివారాలు పిల్లాడిని తీసుకుని నువ్వు ఎక్కు. ఇల్లు పెందుర్తి, వేపగుంట వైపు చూడు, అరకు రోడ్డు మీదే కాబట్టి సిటీ ట్రాఫిక్ మొత్తం తప్పుతుంది. నువ్వు ఎక్కేది శనివారం మధ్యాహ్నం కాకుండా చూసుకో, సీజన్లో అప్పుడు టూరిస్టులందరూ నీతోనే ఎక్కుతారు.

తణుకు_కుర్రాడు:

నిన్న రాత్రి ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మ పల్మనాలజిస్టుని ఫోన్లో అడిగితే, వానాకాలం, చలికాలం పైన ఉండొద్దు, ఎండాకాలం నిక్షేపంగా ఉండొచ్చు అన్నారు. అమ్మకి కాస్త కోపం వచ్చింది, నా మీద కాదు, డాక్టరు మీద.

ప్రస్తుతానికి అనుకున్నది ఇది. వేపగుంట దగ్గర ఇల్లు, అరకులో బజారుకి నడిచి వెళ్లేంత దూరంలో రెండు గదులు, ఒకటి కాదు. సెలవు లేని శనివారాలు నేనూ బాబూ ఎక్కుతాం, మా చిన్నక్క గాజువాకలో ఉంది, ఆ రెండు రోజులు అమ్మ దగ్గరికి వస్తానంది. వేసవి సెలవుల్లో అందరం పైనే. రెండు అద్దెలు కలిపినా కూకట్‌పల్లిలో కట్టేదానికి మూడు వేలే ఎక్కువ. టీచర్ గారూ, మీ మాట పూర్తిగా నిలబెట్టలేకపోయాను, వచ్చే ఏడాది బాబుని వాళ్లమ్మ దగ్గరే చదివించాలా అన్నది మళ్లీ చూస్తాం. జులైలో ఒక వారం పైన ఉండి ఆ ముసురు కూడా చూస్తాను. పైకి ఏమేం తెచ్చుకోవాలో చెప్పండి, హీటరు, కంబళ్లు హైదరాబాద్ నుంచే కొనుక్కొస్తే మంచిదా?

గాలికొండ:

కంబళ్లు మా సంతలో దొరుకుతాయి, మోసుకురాకండి. నాలుగు గొడుగులు తెచ్చుకోండి, గట్టివి. బట్టలారేయడానికి ఇంటి లోపల తాడు కట్టుకునే చోటు ఉందో లేదో చూసి మరీ అడ్వాన్స్ ఇవ్వండి. జులైలో వచ్చినప్పుడు ఇక్కడ మెసేజ్ పెట్టండి, మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది, అంబలి తాగి వెళ్దురుగాని.