ఏటవాలు పైపులో ఇసుక పేరుకుంటోంది, కనీస వేగం ఎలా లెక్కించాలి?

50 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పారదర్శక పైపులో ఇసుక, నీళ్ల మిశ్రమం పంపుతున్నాను. గింజ సైజు 0.4 మి.మీ., సాంద్రత 2650 కిలోలు/ఘనపు మీటరు, ఘనపరిమాణంలో ఇసుక 15 శాతం. డ్యూరాండ్ సూత్రం ప్రకారం ఇసుక అడుగున ఆగిపోయే వేగం సెకనుకు దాదాపు 1.3 మీటర్లు వచ్చింది. అందుకే 1.5 దగ్గర నడుపుతున్నాను.

పైపు అడ్డంగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ప్రవాహం పైకి వెళ్లేలా 30 డిగ్రీలు వాల్చగానే పది నిమిషాల్లో అడుగున వేలెడు మందాన పొర కడుతోంది. దగ్గరగా చూస్తే పై గింజలు ముందుకు పోతున్నాయి, గోడకు ఆనుకున్నవి మెల్లగా వెనక్కి జారుతున్నాయి. అసలు టెన్షన్ అదే, పొర కదిలితే పైపు ఒక్కసారిగా మూసుకుపోతుందేమోనని.

వేగం 1.65కి పెంచాను, పొర పోలేదు. ఇసుక 10 శాతానికి తగ్గిస్తే పలచబడిందంతే. ఫ్లో మీటర్‌ను బకెట్, స్టాప్‌వాచ్‌తో సరిచూశాను, తేడా లేదు. పంపుతో వేగం సెకనుకు 1.9 మీటర్లు దాటదు.

30 డిగ్రీల ఎగువాలుకు డ్యూరాండ్ వేగానికి ఎంత కలపాలి, ఏ పద్ధతిలో?