అప్‌డేట్: కష్టకాలంలో ప్రార్థన బృందం చెదిరిపోకుండా ఎలా?

కష్టాలు ముసిరినప్పుడు ప్రార్థన కూడిక ఫిర్యాదుల సభగా మారుతోంది, జనం మెల్లగా జారుకుంటున్నారు, ఏం చేయాలని లోగడ అడిగాను. మీ సలహాల్లో నిలబడినవి ఇవి.

గంటన్నర కూడికను 40 నిమిషాలకు కుదించాం: పాటలు 10, మౌనం 5, అవసరాలు చెప్పుకోవడం 15, ప్రార్థన 10. మౌనాన్ని మాత్రం తీసేయకండి. మొదటి రెండు నిమిషాలు కుర్చీల కిర్రు, దగ్గులే వినిపిస్తాయి. మనసు కుదుటపడేది ఆ తర్వాతే. 1940లో బ్రదర్ రోజే ఫ్రాన్స్‌లోని తైజే అనే ఊళ్లో మొదలుపెట్టిన క్రైస్తవ సన్యాసుల సమాజంలోనూ చిన్న పల్లవినే పదేపదే పాడి, మౌనంగా కూర్చుంటారు. యుద్ధకాలంలో ఆయన అక్కడ శరణార్థులకు ఆశ్రయమిచ్చారు కూడా.

అసలు మార్పు తెచ్చింది నోటుపుస్తకం. నాలుగు గడులు: ఎవరికి, ఏం కావాలి, ఎవరు చేస్తారు, ఏ రోజుకు. "మందులు తేవాలి, గురువారం సాయంత్రం" అని రాసి, పక్కన ఒక్కరి పేరే పెట్టాలి. "అందరం చూద్దాం" అంటే ఎవరూ చూడరు. మరుసటి వారం ముందుగా ఆ పేజీయే చదవాలి.

చందా డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేయాలి. అనుమానం మొదలైతే బృందం నిలవదు.

ఇంకోటి, బాధలో ఉన్నవాళ్లతో "ఇది దేవుడి పరీక్ష" అనకండి. వాళ్లు ఆ రోజుతో నోరు విప్పడం మానేస్తారు. "ఇది బయట చెప్పవచ్చా?" అని అడిగాకే వాళ్ల విషయం మరొకరికి చెప్పాలి.